ముగ్గురు పడుకునే గది

“అమ్మా! తలుపు తీస్తావా, పగలగొట్టించమంటావా?”

ఆడపడుచు అరచేత్తో తలుపు బాదుతూనే ఉంది. లోపల ఉలుకూ పలుకూ లేదు.

“పగలగొట్టిస్తే మళ్ళీ చేయించాల్సింది నేనక్కా,” అన్నాడు తమ్ముడు.

“నువ్వు మాట్లాడకు. నీ నాన్చుడు వల్లే ఇంతదాకా వచ్చింది. ఆరోజే నా మాట వినుంటే ఈపాటికి మెషిన్ బిగించి ఉండేవాళ్ళం. అమ్మ హాయిగా నిద్రపోయేది.”

“నీ మాట వింటే కరెంటు బిల్లు చూసి నేను నిద్రపోయేవాణ్ణి కాదు.”

మిట్టమధ్యాహ్నం. హాల్లో ఫ్యాను వేడిగాలినే తిప్పి తిప్పి మొహాన కొడుతోంది. కొలతలకని వచ్చిన ఏసీ మెకానిక్ టేపు చేత్తో పట్టుకుని, ఈ గొడవేదీ తనకి వినపడనట్టు పైకప్పు కేసి చూస్తున్నాడు. పాపం, వచ్చిన దగ్గర్నుంచీ అతనికి మంచినీళ్ళు కూడా ఎవరూ ఇవ్వలేదు.

లోపలున్న అత్తని, ఈ ఇద్దరి తల్లిని, ఆసుపత్రి నుంచి తీసుకొచ్చి వారం తిరగలేదు. డాబా మీద ఆరేసిన బట్టలు తియ్యబోయి ఎండదెబ్బకి కుప్పకూలిన మనిషి. “ఇంకోసారి ఇలా అయితే ఆవిడ గుండె తట్టుకోదు. ఈ ఎండలు తగ్గేదాకా చల్లటి గదిలో ఉంచండి,” అని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు. ఏసీ కొనాలన్న దాకా అక్కాతమ్ముళ్ళది ఒకటే మాట. ఏ ఏసీ అన్న దగ్గర తెగలేదు.

ఆడపడుచుని ఇంట్లో అందరూ కలెక్టరమ్మ అంటారు. వెనకాలే సుమా, ముందర అనే ధైర్యం ఎవరికీ లేదు. తలుపు బాది బాది చెయ్యి నొప్పెట్టి, ఆవిడ హాల్లో ఉన్న స్టూలు లాక్కుని కూలబడింది.

“ఊరికే ఇస్తానన్నాను కదరా! మా ఆఫీసులో తీసేస్తున్న ఒకటిన్నర టన్ను మెషిన్. నిక్షేపంలా ఉంది.”

“ఏనుగుని నువ్వు ఊరికే ఇస్తావు సరే, మేత ఎవరేస్తారు? అది కరెంటు తాగదక్కా, మింగుతుంది. కొత్తది, చిన్నది, ఫైవ్ స్టార్ ఇన్వర్టర్ మెషిన్ తీసుకుందాం. కొనేటప్పుడు కాస్త నొప్పిగా ఉన్నా తర్వాత నిమ్మళంగా ఉంటుంది.”

“స్టార్లు స్టార్లని పట్టపగలే నాకు చుక్కలు చూపిస్తున్నావురా!”

తమ్ముడు కళ్ళద్దాల దుకాణంలో పని చేస్తాడు. పొద్దస్తమానం ఎదుటివాళ్ళ చేత చిన్న చిన్న అక్షరాలు చదివించే ఉద్యోగం కాబట్టి, ఊళ్ళో ఉన్న ప్రతి ఏసీ మీదా అంటించిన ప్రతి లేబులూ చదివేసి వచ్చాడు. చదివినవాడు కొన్నాడా అంటే, అదీ లేదు.

ముందుగదిలో కుట్టుమిషను ఆగింది. తమ్ముడి భార్య, ఆ ఇంటి కోడలు, మెళ్ళో టేపుతో, చీర కొంగుకి గుచ్చుకున్న సూదితో అలాగే వచ్చింది.

“మీరిద్దరూ కాసేపు ఊరుకోండి. నేను పిలుస్తాను.”

తలుపు దగ్గరగా నోరు పెట్టి, “అత్తయ్యా, నేనండీ,” అంది.

అప్పుడే ఆమె కళ్ళు స్టూలు మీద పడ్డాయి.

ఆ ఇంట్లో గడియలన్నీ తలుపులకి బాగా పైన ఉంటాయి. పోయిన మామగారు ఆజానుబాహువు. ఇల్లు కట్టినప్పుడు తన చెయ్యి ఎక్కడిదాకా అందిందో అక్కడే దగ్గరుండి బిగించుకున్నాడు. కోడలు మునివేళ్ళ మీద లేస్తే అందుతుంది. అత్త మాత్రం స్టూలెక్కాల్సిందే. ఆ ఇంటికి ఉన్నది ఒక్కటే స్టూలు. దాని మీద ఇప్పుడు కలెక్టరమ్మ కూర్చుని ఉంది.

లోపల గడియ జారిన చప్పుడైంది.

తలుపు దానంతట అదే చేతి వెడల్పు తెరుచుకుంది. కోడలు తోసి చూసింది. అత్త మంచం మీదే ఉంది, గోడవైపుకి పాపని పెట్టుకుని, మంచం మధ్యలో తను పడుకుని. మూడేళ్ళ పాప నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతోంది.

“మీరు తీశారా అత్తయ్యా?”

“ఎవరో ఒకరు తియ్యాలిగా. అది అలా అరుస్తుంటే పాప లేవదూ?” అంది అత్త.

*

మెకానిక్ కొంచెం వాగుడుకాయ. గదిలోకి వస్తూనే మొదలుపెట్టాడు.

“పడమటి గోడ. పైన డాబా. కిటికీకి పరదా కూడా లేదు. ఇలాంటి గది ఈ టైముకి పెనంలా కాలిపోతూ ఉంటుంది సార్. ముందు ఆ కిటికీకి మందపాటి పరదా వేయించండి, తలుపు కింద సందు మూయించండి. సగం చల్లదనం అక్కడే మిగులుతుంది. ఎంత మంచి మెషినైనా...”

అక్కడ ఆగిపోయాడు. మెడ తుడుచుకోబోయిన చెయ్యి మెడ దగ్గరే ఉండిపోయింది. తుడుచుకోవడానికి అక్కడ చెమట లేదు.

గోడ మీద చెయ్యి పెట్టి చూశాడు. జేబులోంచి గది వేడి చూసే చిన్న మీటరు తీశాడు, వేలితో తట్టాడు, విదిలించాడు, మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

“బ్యాటరీ అయిపోయినట్టుంది,” అన్నాడు గొంతు తగ్గించి.

“మీ టేపుకి కూడా బ్యాటరీ కావాలా? కానివ్వండి,” అంది కలెక్టరమ్మ గుమ్మంలోంచి.

అతను పొడవూ వెడల్పూ కొలిచాడు. చివరికి మామూలుగా అడిగే ప్రశ్న అడిగాడు. “ఈ గదిలో ఎంతమంది పడుకుంటారమ్మా? మనిషి ఒంటి వేడి కూడా లెక్కలోకి వస్తుంది.”

“ముగ్గురం,” అంది అత్త.

“ఇద్దరమ్మా,” అన్నాడు కొడుకు. “నువ్వూ, పాపా.”

“ముగ్గురం.” అత్త పాప మీద దుప్పటి సర్దింది. “అయినా మూడో మనిషిని లెక్కలో వెయ్యక్కర్లేదులే బాబూ. ఆయన వల్ల వేడేం పెరగదు.”

మెకానిక్ టేపు చుట్టుకుంటుంటే అది గొలుసులా గరగరమంది. కలెక్టరమ్మ గిరుక్కున తిరిగి హాల్లోకి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఆవిడ కళ్ళు తుడుచుకోవడం కోడలు చూసింది. ఎంత పెత్తనం చేసినా తల్లికి మతి తప్పుతోందంటే ఎవరికి ఏడుపు రాదు?

మామగారు బతికున్నన్నాళ్ళూ ఐస్ ఫ్యాక్టరీలోనే పని చేశాడు. మంచుదిమ్మలు కొక్కెంతో లాగడం, రంపపుపొట్టు చల్లి పేర్చడం ఆయన పని. మధ్యాహ్నం ఇంటికొస్తే ఆయన చేతులు సాయంత్రానికి గానీ మామూలు మనిషి చేతులయ్యేవి కావు. వేసవి వచ్చిందంటే గుమ్మంలో అడుగుపెట్టగానే భార్య నుదుటి మీద అరచెయ్యి ఆనించి, “ఎలా ఉంది నా ఫ్యాను?” అనేవాడు. అత్త విసుక్కుంటున్నట్టు నటించేది గానీ తల పక్కకి తిప్పేది కాదు. కోడలు కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో అది చూసి సిగ్గుపడి లోపలికి వెళ్ళిపోయేది.

కోడలు కడుపుతో ఉండగా ఆయన పోయాడు. పుట్టబోయే బిడ్డని ఎత్తుకోవాలని ఒకటే తహతహ. “నా చేతులు చల్లన, పిల్ల జడుసుకుంటుందేమో,” అని అప్పటినుంచే దిగులు పెట్టుకున్నాడు. చివరి మాట కూడా అదే అంటారు.

*

హాల్లో మళ్ళీ పంచాయితీ.

“గది చిన్నదే సార్. చిన్న మెషిన్ చాలు,” అన్నాడు మెకానిక్. మంచినీళ్ళు తాగాక అతనికి మాట వచ్చింది.

“కొంచెం పెద్దదే తీసుకుంటే మంచిది కదా?” అంది కోడలు. “పిల్లల గౌనుకి మడతలో గుడ్డ వదుల్తాం చూడండి, అలా. రేపు ఎండలు ఇంకా ముదిరితే?”

“పిల్ల పెరుగుతుందని వదుల్తారమ్మా. గది పెరగదు కదా. పెద్దది పెడితే గబుక్కున చల్లబరిచి ఆగిపోతుంది, మళ్ళీ లేస్తుంది, మళ్ళీ ఆగుతుంది. గదిలో చెమ్మ అలాగే ఉంటుంది, కరెంటు మాత్రం పోతుంది. చిన్న ఇన్వర్టర్ మెషినైతే నిదానంగా తిరుగుతూనే ఉంటుంది. మరీ తగ్గించి పెట్టకండి, పక్కన ఫ్యాను కూడా వేసుకోండి.”

“విన్నావా అక్కా?” అన్నాడు తమ్ముడు, ఆ మాటలు తనే కనిపెట్టినట్టు.

కలెక్టరమ్మ లేచి నిలబడింది. “నాకు ఇవన్నీ అనవసరం. ఆదివారం దాకా చూస్తాను. అప్పటికి ఆ గదిలో మెషిన్ తిరుగుతూ ఉండాలి. లేదంటే అమ్మని నా ఫ్లాటుకి తీసుకుపోతాను. అక్కడ గదికొక ఏసీ ఉంది. మీ దగ్గర చేజేతులా చంపుకోలేను.”

కోడలికి ఆ మాట ఎక్కడో తగిలింది. కన్నతల్లి మొహం గుర్తులేని మనిషి ఆమె. కత్తెర పట్టుకోవడం దగ్గర్నుంచి కాజా కుట్టడం దాకా అత్త చెయ్యి పట్టుకుని నేర్పింది. పాప పుట్టినప్పుడు పథ్యం వండిపెట్టింది, ఏడిస్తే దగ్గరకి తీసుకుంది. అత్త ఇల్లు వదిలి వెళ్ళినా, లోకం వదిలి వెళ్ళినా, ఈ ఇంట్లో తనకి మిగిలేది కుట్టుమిషను ఒక్కటే అనిపించింది.

గదిలోంచి అత్త గొంతు వినిపించింది. “నేను ఎక్కడికీ రాను.”

“అయితే మెషిన్ పెట్టించుకో!” అని ఇక్కడినుంచే అరిచింది కూతురు.

“సరే, పెట్టుకోండి మీ మెషిను. దీన్ని వదిలి మాత్రం నేను కదలను.”

దీన్ని అంటే పాపని. నానమ్మకి మనవరాలి మీద ఎంత ప్రాణమో అని కలెక్టరమ్మ సైతం మెత్తబడింది. ఆ రోజు అక్కడున్న నలుగురికీ ఆ మాట అంతవరకే అర్థమైంది.

అందరూ వెళ్ళాక కోడలు మజ్జిగ తీసుకుని గదిలోకి వెళ్ళింది. అత్త నుదుటి మీద చెయ్యి వేసి ఉలిక్కిపడింది. కణతలు మామూలుగానే ఉన్నాయి. బుగ్గలు వెచ్చగానే ఉన్నాయి. నుదుటి మధ్య మాత్రం, అరచేతి మేర, చల్లగా గడ్డ కట్టినట్టుంది.

“అత్తయ్యా,” అంది మంచం పట్టె మీద కూర్చుని. “మామయ్యగారు వస్తున్నారా?”

“పిచ్చిదానా. వెళితేగా రావడానికి.”

“మిమ్మల్ని తీసుకుపోవడానికా?”

“నన్ను తీసుకుపోవాలనుంటే ఎప్పుడో తీసుకుపోయేవారు.”

“మరి?”

అత్త మజ్జిగ గ్లాసు అందుకుంది. పాప నిద్రలో ఇటు దొర్లింది. అత్త వెంటనే దాన్ని ఒడుపుగా మళ్ళీ గోడవైపుకి జరిపి, ఆ మధ్యలోకి తను జరిగింది.

*

మెషిన్ వచ్చింది. గోడకి ఎక్కింది. బయటి యూనిట్ని పెరటి గోడకి, బట్టలారేసే తీగ పక్కనే బిగించారు. “గదిలో వేడిని లాగి ఇటు ఊదుతుందమ్మా. తడిబట్టలు ఇక్కడ ఆరెయ్యండి, ఇట్టే ఆరిపోతాయి,” అని చెప్పి, ఒకసారి తిప్పి చూపించి మెకానిక్ వెళ్ళాడు.

గది చల్లగా ఉంది. ఆ సంగతి కలెక్టరమ్మ కూడా ఒప్పుకుంది. ఆదివారం వచ్చి, చూసి, మొదటిసారి తిట్టకుండా వెళ్ళింది.

తమ్ముడి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. రోజూ డ్యూటీ నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా కరెంటు మీటరు దగ్గరికి పోయి నిలబడేవాడు.

“చూశావా? కదలడం లేదు! ఏసీ ఉన్న ఇంటి మీటరంటే ఎవరన్నా నమ్ముతారా? ఫైవ్ స్టార్ అంటే ఇదీ!”

“మరీ ఇంత తక్కువా?” అంది కోడలు.

“తక్కువొస్తే ఏడుస్తావేంటి? నీ గుడ్డలకి కొలతలు తియ్యి, కరెంటు సంగతి నాకొదిలెయ్యి.”

కోడలి బాధ వేరు. పెరట్లో తడిబట్టలు ఆరడం లేదు. మెకానిక్ చెప్పినట్టు యూనిట్ ఎదురుగానే వేస్తోంది. పిండిన జాకెట్టు గుడ్డ సాయంత్రానికి కూడా పిండినట్టే ఉంటోంది. ఒక మధ్యాహ్నం దగ్గరికి వెళ్ళి చూసింది. ఇనప జాలీ వెనక రెక్కలు కదలడం లేదు. వాటికి అడ్డంగా సాలీడు గూడు అల్లుకుని, నడిమధ్యన నింపాదిగా కూర్చుని ఉంది.

లోపల మెషిన్ మీద పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. గది చల్లగానే ఉంది. అత్త మాత్రం రోజురోజుకీ తగ్గిపోతోంది. మాట సన్నబడింది. వేళ్ళ చివర్లు తెల్లబడ్డాయి. తినిపిస్తే తింటోంది, లేకపోతే లేదు. ఎండ నుంచి కాపాడుకున్నామనుకుంటున్న మనిషి కళ్ళ ముందే చలికి కరిగిపోతోందని కోడలికి అర్థమైంది. ఎవరితో చెప్పుకుంటుంది? మీటరు తిరగడం లేదని ఫిర్యాదు చేస్తే మొగుడు నవ్వుతాడు.

మెకానిక్‌కి కబురు పెట్టింది.

*

అతను వచ్చేసరికి అత్త, పాప నిద్రలో ఉన్నారు. చప్పుడుకి పాప లేస్తుందని కోడలు దాన్ని మెల్లగా ఎత్తుకుని ముందుగదికి తీసుకెళ్ళింది. మిషను పక్కనున్న గుడ్డల కుప్ప మీద పడుకోబెట్టి, గాలి కోసం సందువైపు కిటికీ తెరిచింది. ఎత్తుకునేటప్పుడు అత్త చెయ్యి పాప గౌను అంచు పట్టుకుని ఉంది. నిద్రలో ఉన్న మనిషి వేళ్ళు ఒక్కొక్కటీ విడదీయాల్సి వచ్చింది.

మెకానిక్ మూతలు విప్పి చూశాడు, గ్యాస్ చూశాడు, తీగలు చూశాడు. చివరికి గది వేడి చూసే మీటరు తీసి మంచం పక్కన పెట్టాడు. ఈసారి బ్యాటరీ అయిపోయిందని అనలేదు.

“మెషిన్‌కి ఏ రోగమూ లేదమ్మా.”

“మరి బయట తిరగదేం?”

“ఎందుకు తిరుగుతుంది? మనం పెట్టిన చల్లదనం కన్నా గది ముందే చల్లగా ఉంది. ఇంక దానికి పనేముంది? నేను బిగించిన రోజు తిప్పి చూపించానే, అదే మొదలు, అదే ఆఖరు. ఆ తర్వాత ఒక్కసారి కూడా తిరగలేదు.” అతను గది నాలుగు మూలలా చూశాడు. గొంతు తగ్గిపోయింది. “అమ్మా, అడగొచ్చో లేదో. ఈ గదిని చల్లబరుస్తున్నది ఎవరు?”

కోడలు రిమోట్ తీసి అతని చేతికిచ్చింది. “తిరగాలంటే ఏం చెయ్యాలి?”

“ఇంకా తగ్గించి పెడితే తిరుగుతుంది. గదిలో ఉన్నదాన్ని లాగి బయటికి ఊదేస్తుంది. తగ్గించనా?”

కోడలు అత్త కేసి చూసింది. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. మామగారంటే ఆమెకి భయం లేదు, గౌరవమే. కానీ బతికున్న మనిషా, పోయిన మనిషా అంటే వెతుక్కోవాల్సిన జవాబు కాదది.

“తగ్గించండి,” అంది. “బయటికి పంపెయ్యండి.”

రిమోట్ కిచకిచమంది. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత పెరట్లో ఏదో బరువైనది లేచి నిలబడ్డట్టు హుమ్మని మోత మొదలైంది.

కోడలు పరుగున పెరట్లోకి వెళ్ళింది. సాలీడు గూడు తెగిపోయి జాలీకి వేలాడుతోంది. రెక్కలు తిరుగుతున్నాయి. తీగ మీద తడిబట్టలు ఒక్కసారిగా ఎగిరాయి. వేడిగాలి వస్తుందనుకుని మొహం పక్కకి తిప్పుకుంది. వచ్చింది వేడిగాలి కాదు. తడి రంపపుపొట్టు వాసన గుప్పున కొట్టింది. ఒళ్ళు జివ్వుమంది. ఆ గాలి ఆమెని దాటి, ఇంటి పక్క సందులోకి మళ్ళి, వీధివైపుకి వెళ్ళిపోయింది. దాని వెనకే మామూలు వేడిగాలి వచ్చింది.

“వెళ్ళిపోయారు,” అనుకుంది. ఎన్నో రోజుల తర్వాత గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. “క్షమించండి మామయ్యగారూ,” అని పైకే అంది.

మెకానిక్ సామాను సర్దుకుని పెరటి దారిన వెళ్ళాక, గదిలోకి వచ్చి అత్త నుదుటి మీద చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది! నుదురంతా ఒకే వెచ్చదనం. బుగ్గల్లోకి రంగు కూడా వచ్చినట్టుంది. కోడలికి ఏడుపొచ్చింది.

అత్త కళ్ళు తెరిచింది. ముందు ఇవతలి వైపు, ఖాళీగా ఉన్న చోటు తడిమింది. తర్వాత అవతలి వైపు, గోడ పక్కన తడిమింది.

“పాపేది?”

“ముందుగదిలో పడుకోబెట్టానత్తయ్యా. మీరు...”

“ఆయనేరీ?”

“పంపించేశాను. మీ కోసమే అత్తయ్యా. ఇంక మీకేం కాదు.”

హాల్లో చెప్పులు విడుస్తున్న చప్పుడు, వెంటనే కలెక్టరమ్మ గొంతు. “అబ్బ, ఏమన్నా చల్లదనమా! ఒరేయ్, మీ మెషిన్‌ని ఇంక ఏమీ అననురా! ఒక్కటి కొంటే రెండు గదులు చల్లబడుతున్నాయే!” గుమ్మంలోకి వచ్చి, తమ్ముడు లేడని చూసి మరదలితో చెప్పింది. “ముందుగది ఐస్ పెట్టెలా ఉందమ్మాయ్. పాప గుడ్డల మీద ఎంత కమ్మగా నిద్రపోతోందో! లేపడమెందుకని తలుపు దగ్గరగా వేసొచ్చాను.”

అత్త లేచి కూర్చుంది. ఇన్నాళ్ళూ గ్లాసు ఎత్తడానికి ఓపిక లేని మనిషి, కోడలి చెయ్యి ఎముక విరిగేలా పట్టుకుంది.

“నేను ఈ గదిలో ఎందుకు పడుకున్నాననుకున్నావే? ఎండలు మొదలైనప్పుడు అది నీ మిషను పక్కనే పడుకునేది. ఒకరోజు దాని నుదురు తాకితే చల్లగా తగిలింది, అరచేతి మేర. అప్పుడు తెచ్చుకున్నాను దాన్ని ఇక్కడికి. గోడవైపు దాన్ని పెట్టి, మధ్యలో నేను పడుకున్నాను. ఒక్కసారి ఎత్తుకుంటానే అని ఆయన రోజూ అడుగుతారు. ముందు నా దగ్గర కూర్చోండి, నా నుదుటి మీద చెయ్యి వెయ్యండి అని రోజూ ఆపుతున్నాను. ఎవరు పంపించమన్నారే నిన్ను?”

కోడలు పరిగెత్తింది. కలెక్టరమ్మ ఏమిటేమిటని వెంటపడింది. హాల్లో స్టూలు కాలికి తగిలి బోర్లా పడింది.

ముందుగది తలుపు తోసింది. రాలేదు. భుజం ఆనించి తోసింది. లోపల గడియ పెట్టి ఉంది. వీధి తలుపు కూడా ఆ గదిలోనే ఉంది.

“దగ్గరగానే వేశానమ్మాయ్,” అంటోంది కలెక్టరమ్మ. మొహం పాలిపోయింది. “దగ్గరగా మాత్రమే వేశాను.”

తలుపు కింద సందులోంచి చల్లటి గాలి కోడలి పాదాల మీదుగా పాకింది.

“పాపా!” అని పిలిచింది.

లోపల పాప మాట్లాడుతోంది. నిద్రమత్తు ఇంకా వదలని గొంతు. తల్లికి జవాబు కాదది.

“ఎక్కడికి తాతా?” అంటోంది.